చావు అనే పాత్రకు ‘మిత్తి’ అని పేరు పెడితే?

టెర్రీ ప్రాచెట్ 1991ల రాసిన హాస్య నవల ‘రీపర్ మ్యాన్’ల చావే ఒక పాత్ర. పైవాళ్లు ఆయన్ను కొలువుల నుంచి తీసేస్తరు. ఆయన చేతికే ఒక ఇసుక గడియారం ఇస్తరు. అంటే ఇప్పుడు ఆయనకూ ఆయుష్షు లెక్క మొదలు. పల్లెకు పోయి, పెండ్లి కాని ఒక ముసలామె పొలంల కోతకూలికి కుదురుతడు. ఇన్నేండ్లు ప్రాణాలు ఒక్కొక్కటే తీసిన చెయ్యి గదా, గడ్డి కూడా ఒక్కొక్క పోచే కోస్తడు! గుప్పెడు గుప్పెడు పట్టి వరి కోసిన మా ఊరోళ్లకు చెప్తే కడుపుబ్బ నవ్విన్రు. ఈ నవలను తెలుగు చేస్తే ఈయనకు ఏం పేరు పెట్టాలె?

‘యముడు’ కుదరదు. దున్నపోతు, పాశం, చిత్రగుప్తుని చిట్టా అన్నీ వెంటబడి వస్తయి. పైగా ధర్మపురిల ఆయనకు గుడి ఉన్నది. కాళేశ్వరంల ఒకే పానవట్టం మీద శివుని పక్కన పూజలందుకుంటడు. అసొంటి దేవున్ని కొలువు పోయినోడు అనాల్నంటే నాకు మనసొప్పదు. ‘మృత్యువు’ మరీ గ్రాంథికం.

నేనైతే ‘మిత్తి’ అంట. మృత్యువుకు వికృతి అది. శివున్ని మిత్తిగొంగ అన్నరు, చావుకు పగవాడని. మన దిక్కు మిత్తి అంటే వడ్డీ కూడా. మా బాపమ్మ అప్పు కాయితం పెట్టెల దాస్తూ “మనం పన్నా మిత్తి పండదు బిడ్డా” అనేది. నవలల చావు పని ఆగంగనే, పోవాల్సిన ప్రాణం పోక, కట్టని బాకీ మీద మిత్తి తీరుగ లోకమంత పేరుకపోతది. రెండర్థాలూ ఒక్క మాటల దొరుకుతయి.

ఇది విని ఒక తమ్ముడు అడిగిండు: — అన్నా, మాట బాగుంది. కని ‘మిత్తి వచ్చింది’ అంటం, ‘వచ్చిండు’ అనం గదా?

నిజమే తమ్మీ, నాకు తట్టలేదు. నవలల ముసలామె పేరడిగితే ఆయన తడబడి అప్పటికప్పుడు ఒక పేరు కల్పిస్తడు. అక్కడ ‘మిత్త... మిత్తయ్య’ అనిపిద్దాం. పైలోకంల ఉన్నప్పుడు ‘మిత్తి వచ్చింది’, పొలంల దిగినంక ‘మిత్తయ్య వచ్చిండు’. మనిషైండని క్రియాపదమే చెప్తది. జగిత్యాల, మంథని దిక్కు ముసలోళ్ల నోట్ల మిత్తికి చావనే అర్థం ఇంకా ఉంటే చెప్పున్రి.