మాంసం, పాలు, ఆరు గంటలు: యూదుల ధర్మశాస్త్ర గ్రంథాల్లో ఏది ముందు చదవాలి?

రేపల్లె పాఠకుడు (ప్రశ్న)

యూదుల ఆచారాల మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాను. పాత నిబంధన బాగా తెలుసు. హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, అంతకు మించి రాదు. ప్రస్తుతం కిత్సూర్ షుల్హాన్ ఆరుఖ్ అనే నియమాల చేతిపుస్తకం ఇంగ్లీషు అనువాదం చేతిలో ఉంది.

రెండు చోట్ల ఆగిపోయాను. మాంసం తిన్నాక పాలు ముట్టడానికి ఆరు గంటలు ఆగాలని అందులో ఉంది. నిర్గమకాండంలో చూస్తే మేకపిల్లను దాని తల్లి పాలలో వండొద్దని తప్ప గంటల మాటే లేదు. ఇంకోచోట పస్కా రోజుల్లో బియ్యం కూడదని ఉంది. కానీ బాగ్దాదీ యూదులు పస్కాకు అన్నం వండుకుంటారని చదివాను. కిత్సూర్ అంటే షుల్హాన్ ఆరుఖ్ అనే పాత ధర్మశాస్త్ర గ్రంథానికి సంక్షిప్తమే కదా, మరి ఈ తేడా ఎందుకు? ఏ వరసలో చదవాలి? నియమాల పుస్తకాలే కాక భక్తికి, మనోనిగ్రహానికి సంబంధించినవి కూడా సూచిస్తే మేలు.

హలాఖా విద్యార్థి

వరసగా మొదటి పేజీ నుంచి చదవడం హలాఖా (యూదుల ధర్మశాస్త్రం) గ్రంథాల విషయంలో పని చేయదండి. ఒక్క నియమాన్ని పట్టుకుని పై నుంచి కింది దాకా దిగండి. మీరు అడిగిన ఆరు గంటలనే తీసుకుందాం, ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తోరాలో (మోషే ఐదు కాండాల్లో) మేకపిల్ల వాక్యం మూడుసార్లు వస్తుంది: నిర్గమకాండం 23:19, 34:26, ద్వితీయోపదేశకాండం 14:21. మూడుసార్లు ఎందుకు చెప్పినట్టు? వండడం ఒకటి, తినడం ఒకటి, దాని వల్ల ఏ లాభమైనా పొందడం ఒకటి, ఈ మూడూ నిషిద్ధమని రబ్బీల చర్చల సంపుటి అయిన తల్మూద్ తేలుస్తుంది (హుల్లిన్ అనే భాగం, 115బి). అంతకు ముందు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే నియమాల సంకలనంలో హుల్లిన్ ఎనిమిదో అధ్యాయం దాదాపు మొత్తం దీని మీదే. చేపలు, మిడతలు తప్ప ఏ మాంసాన్నీ పాలతో వండకూడదని అక్కడే ఉంది. కోడి మాట మీద పెద్ద వాదం నడిచింది. కోడికి తల్లిపాలు లేవు కదా అన్నాడు గలిలయుడైన రబ్బీ యోసె. ఆయన ఊళ్లో కోడిమాంసం పాలతో తినేవారని తల్మూదే చెబుతుంది. ఆ వాడుక నిలవలేదు.

ఇక ఆగడం సంగతి. హుల్లిన్ 105ఎ లో మార్ ఉక్వా అనే పండితుడి మాట ఉంది. మా నాన్న ఈ రోజు మాంసం తింటే మర్నాడు ఇదే వేళ దాకా జున్ను తినేవాడు కాదు, నేను మాత్రం ఈ భోజనంలో తినను, తర్వాతి భోజనంలో తింటాను అంటాడు. గంటల లెక్క ఇక్కడా లేదు. ఒక భోజనానికి, మరో భోజనానికి మధ్య ఉండే వ్యవధినే 12వ శతాబ్దంలో రంబామ్ (మైమోనిడీస్) అనే పండితుడు "సుమారు ఆరు గంటలు" అని రాశాడు. పళ్ల సందున మాంసం ఇరుక్కుని ఉంటుందని ఆయన చెప్పిన కారణం. తల్మూద్ వ్యాఖ్యాత రాషీ చెప్పింది వేరు: మాంసంలోని కొవ్వు రుచి నోట్లో చాలాసేపు ఉంటుంది. తోసఫోత్ అనే తల్మూద్ వ్యాఖ్యలు రాసిన పండితులు మూడో దారి పట్టారు. తర్వాతి భోజనం అంటే గంటలు గడవాలని కాదు, బల్ల ఎత్తేసి భోజనానంతర ప్రార్థన చెప్పుకుంటే అది వేరే భోజనమే అన్నారు.

కారణం మారితే ఆచరణ ఎలా మారుతుందో చూడండి. తల్లి పసిబిడ్డ కోసం మాంసం నమిలి మింగకుండా బిడ్డకు పెట్టింది అనుకోండి. రాషీ కారణం ప్రకారం ఆమె ఆగనక్కర్లేదు, రంబామ్ కారణం ప్రకారం ఆగాలి. ఆరు గంటల తర్వాత పళ్ల సందున ముక్క కనిపిస్తే రంబామ్ ప్రకారం దాన్నిక మాంసంగా లెక్కపెట్టరు, రాషీ ప్రకారం అది మాంసమే. షుల్హాన్ ఆరుఖ్ (యోరె దేఆ అనే భాగం, 89:1) రెండు వైపులా కఠినమైనదాన్నే తీసుకుంది: నమిలినా ఆగాలి, ముక్క దొరికితే తీసేయాలి. దాని పక్కనే క్రాకోవ్ పండితుడు రెమా రాసిన వ్యాఖ్య ఉంటుంది. తమ దేశాల్లో వాడుక ఒక గంట ఆగి, ప్రార్థన చెప్పుకున్నాక జున్ను తినడమని, అయినా ఆరు గంటలు ఆగడమే తగినదని. జర్మనీ యూదుల్లో మూడు గంటలు, డచ్ వారిలో ఒక గంట ఆగే వాడుక ఇప్పటికీ ఉంది. కాబట్టి వ్యాసంలో "యూదులు ఆరు గంటలు ఆగుతారు" అని ఏకవాక్యంగా రాయకండి.

ఈ దారి వెతకడానికి రెండు పనిముట్లు గుర్తుంచుకోండి. విల్నా ముద్రణ తల్మూద్ పేజీలో నడుమ మిష్నా, గెమారా (మిష్నా మీద చర్చ), కుట్టు వైపు రాషీ, బయటి వైపు తోసఫోత్ ఉంటాయి. అంచున చిన్న అక్షరాల్లో ఎయిన్ మిష్పాత్ అనే సూచిక ఉంటుంది. ఈ వాక్యం రంబామ్‌లో ఎక్కడ, షుల్హాన్ ఆరుఖ్‌లో ఎక్కడ తేలిందో అది చెబుతుంది. వెనక్కి వెళ్లాలంటే షుల్హాన్ ఆరుఖ్ అంచున బెఎర్ హగోలా ఉంటుంది, అది మూలాలు చూపిస్తుంది. రంబామ్ మిష్నే తోరాలో మాత్రం మూలాలు ఇవ్వలేదు. 14 పుస్తకాల ఆ మహాగ్రంథానికి మూలాలు చూపుతూ కెసెఫ్ మిష్నే అనే వ్యాఖ్య రాసింది కూడా షుల్హాన్ ఆరుఖ్ కర్త యోసెఫ్ కారోనే.

పుస్తకాల అర

బియ్యం సంగతికి వస్తాను. కిత్సూర్ అంటే హీబ్రూలో సంక్షిప్తమే, కానీ కారో గ్రంథాన్ని కుదించింది కాదు. కారో స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన కుటుంబానికి చెందినవాడు, సఫెద్‌లో రాశాడు. గ్రంథం 1565లో వెనిస్‌లో అచ్చయింది. కిత్సూర్‌ను ష్లోమో గాంజ్‌ఫ్రీడ్ 1864లో హంగరీ రాజ్యంలోని ఉంగ్వార్‌లో వెలువరించాడు. 221 అధ్యాయాలు, పూర్తిగా అష్కెనాజీ (జర్మనీ, తూర్పు యూరప్ యూదుల) సంప్రదాయం, అంటే రెమా పక్షం. పస్కాకు బియ్యం వండుకోవచ్చని కారో షుల్హాన్ ఆరుఖ్‌లోని ఒరఖ్ హయీమ్ భాగం 453లో రాస్తే, అక్కడే రెమా తమవాళ్లు కూడదంటారని చేర్చాడు. కిత్సూర్ ఆ రెండో మాటే చెబుతుంది. బాగ్దాదీ యూదులకు కారో మాట ప్రమాణం, వాళ్లకు చేతిపుస్తకం బెన్ ఇష్ హై. సెఫార్దీ (స్పెయిన్ మూలాల, కారో మాట పాటించే) ఇళ్లలో పస్కా బియ్యాన్ని ముందే మూడుసార్లు ఏరతారు, గోధుమ గింజ ఒక్కటీ మిగలకుండా.

కిత్సూర్‌ను అయినా పక్కన పెట్టకండి. రోజువారీ పని ఎలా చేయాలో దానంత సూటిగా చెప్పే పుస్తకం తక్కువ. 36వ అధ్యాయం, మాంసం నుంచి నెత్తురు తీయడం చూడండి. ముందు బాగా కడిగి, అరగంట నీళ్లలో నానబెట్టాలి. నీరు కారిపోనిచ్చి, అన్ని వైపులా ఉప్పు పట్టించి, గంటసేపు వాలుగా గానీ చిల్లుల పలక మీద గానీ ఉంచాలి. తర్వాత మూడుసార్లు కడగాలి. ఉప్పు పిండిలా మెత్తగా ఉంటే కరిగిపోతుంది, నెత్తురు లాగదు. మరీ పెద్ద కల్లైతే జారిపడిపోతుంది. పళ్లెం చదునుగా ఉంటే కారిన నెత్తురులోనే ముక్క కూర్చుంటుంది. నీళ్లు కారకముందే ఉప్పు వేస్తే అదీ పాడే. వధ తర్వాత మూడు పూర్తి రోజులు నీళ్లు తగలని మాంసాన్ని ఉప్పు పెట్టినా వండకూడదు, నిప్పు మీద కాల్చుకోవాల్సిందే. కాలేయానికైతే ఉప్పు చాలనే చాలదు, ఎప్పుడూ కాల్చాలి. వీటన్నిటి వెనక ఉన్నది లేవీయకాండం 17 లోని నెత్తురు నిషేధం.

ఒక మనవి. కొత్తరెడ్డిపాలెం బెనే ఎఫ్రాయిమ్‌ల (యూదు ఆచారాలు పాటించే తెలుగు సమూహం) గురించి మీ వ్యాసంలో వస్తే, వాళ్ల ఆచరణను కిత్సూర్‌తో కొలిచి తప్పొప్పులు చెప్పకండి. ఆ కొలబద్ద హంగరీది.

మూసార్ పాఠకురాలు

నియమాల మీదే దృష్టి పెడితే సగమే దొరుకుతుంది. ఆత్మశిక్షణ గ్రంథాలకు మూసార్ అని పేరు. మూడు చాలు.

హోవోత్ హలెవావోత్ 11వ శతాబ్దపు స్పెయిన్‌లో బహ్యా ఇబ్న్ పకూదా అరబిక్‌లో రాసినది. పది ద్వారాలు. చేతులు, కాళ్లు చేయాల్సిన విధుల మీద పుస్తకాలున్నాయి, హృదయం చేయాల్సిన వాటి మీద లేవన్నది ఆయన బాధ. తత్వచర్చ ఎక్కువగా ఉండే మొదటి ద్వారం దగ్గరే చాలామంది వదిలేస్తారు. దాన్ని తర్వాతికి ఉంచుకుని రెండో ద్వారం నుంచి మొదలుపెట్టండి.

మెసిల్లాత్ యెషారీమ్ 1740లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడింది, కర్త మోషే హయీమ్ లుత్సాత్తో. తల్మూద్‌లోని (అవోదా జారా 20బి) పిన్హాస్ బెన్ యాయీర్ మెట్ల వరసే దీనికి చట్రం: జాగరూకత, చురుకు, నిర్మలత్వం, ఇలా పైకి. కొత్త సంగతి నేర్పడానికి కాదు, తెలిసినదాన్ని గుర్తు చేయడానికి రాశానని ముందుమాటలోనే అంటాడు. అందుకే ఒక్కసారి చదివితే మామూలుగా కనిపిస్తుంది. రోజుకు ఒకటి రెండు పేజీలు, మళ్లీ మళ్లీ చదవాల్సిన పుస్తకం. నా మటుకు మొదలు పెట్టాల్సింది దీనితోనే.

మూడోది తాన్యా, 1796, కర్త లియాదీకి చెందిన ష్నెయుర్ జల్మన్. మొదటి భాగంలో 53 అధ్యాయాలు. సత్పురుషుడు కాక, దుష్టుడూ కాక, రోజూ తనతో తాను పోరాడే మధ్యముడి గురించిన గ్రంథం ఇది. జోహార్ అనే మార్మిక గ్రంథానికి తొందరపడొద్దు. తోరా వారపాఠం, మిష్నా అలవాటు లేకుండా దాన్ని తెరిస్తే ఏ వాక్యం దేనికి వ్యాఖ్యానమో తెలియదు.

రేపల్లె పాఠకుడు

చాలా స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. ఎయిన్ మిష్పాత్ అనువాదాల్లో కనిపించడం లేదు. ఇంకొకటి, వ్యాఖ్యాతలు చెప్పిన వాక్యాల సంఖ్యలు తెలుగు బైబిల్‌తో కొన్నిచోట్ల కలవడం లేదు.

హలాఖా విద్యార్థి

సెఫారియా వెబ్‌సైట్‌లో తల్మూద్ పేజీ తెరిచి వాక్యం మీద నొక్కండి. పక్కన వ్యాఖ్యలు, హలాఖా అని వేరువేరుగా లంకెలు వస్తాయి. ఎయిన్ మిష్పాత్ చేసే పని అక్కడ చాలావరకు జరిగిపోతుంది. ఖర్చు లేదు. తల్మూద్ మసెఖెత్‌లు (భాగాలు) దాదాపు అన్నీ 2వ పేజీతో మొదలవుతాయి, 1 లేదని కంగారు పడకండి.

సంఖ్యల తేడా హీబ్రూ విభజన వల్ల. మలాకీ తెలుగులో 4 అధ్యాయాలు, హీబ్రూలో 3. యోవేలు తెలుగులో 3, హీబ్రూలో 4. కీర్తనల్లో పైనున్న శీర్షికను హీబ్రూలో వాక్యంగా లెక్కపెడతారు కాబట్టి చాలా కీర్తనల్లో ఒక అంకె పెరుగుతుంది, 51వ కీర్తనలో రెండు. ధర్మశాస్త్రం చదివేవారికి ముఖ్యమైనది ద్వితీయోపదేశకాండంలో ఉంది. ఆజ్ఞలకు ఏదీ కలపకు, ఏదీ తీసేయకు అన్న మాట తెలుగులో 12:32, హీబ్రూలో 13:1. ఆ తర్వాత 13వ అధ్యాయం అంతా ఒక అంకె ముందుకు జరుగుతుంది. మూలం ఇచ్చేటప్పుడు ఏ లెక్క పాటిస్తున్నారో వ్యాసం మొదట్లోనే ఒక వాక్యంలో చెప్పేయండి.