సెల్‌బోర్న్ చర్చికి అమ్మానాన్నలతో ఎవరైనా వెళ్లొచ్చారా?

నమస్తే అండీ, ఇంగ్లండ్‌లో హ్యాంప్‌షైర్ వైపు ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. నాన్న బాటనీ మాష్టారుగా రిటైరయ్యారు, ఇప్పుడు అమ్మతో కలిసి మా దగ్గరికి వచ్చారు, అందుకే సెల్‌బోర్న్‌లోని ఆంగ్లికన్ చర్చి ఎలాగైనా చూపించాలని ఉంది. ప్రకృతిని అంత ఓపిగ్గా గమనించిన గిల్బర్ట్ వైట్ సమాధి అక్కడే ఉంది, చిన్న రాయి, దాని మీద జీ.డబ్ల్యూ. అని రెండక్షరాలు, 1793 జూన్ 26 అన్న తేదీ, అంతే. 1990 జనవరి తుఫానుకు కూలిన పెద్ద యూ చెట్టు మొదలు కూడా ఆ ఆవరణలోనే ఉంది.

ఊరి వెనక బీచ్ (beech) అనే జాతి చెట్లున్న కొండకి 1753లో వైట్, ఆయన తమ్ముడు వేసిన జిగ్‌జాగ్ దారి వాన పడితే బాగా జారుతుందా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, అదే నా టెన్షన్. వాలు తక్కువగా ఉండే బోస్టల్ దారిలో మెల్లగా నడవగలదా? ఆల్టన్ స్టేషన్ నుంచి ఆదివారం బస్సు ఉంటుందా, లేక టాక్సీ ముందే మాట్లాడుకోవాలా?