స్పీకరు పెట్టె మీద పెట్టిన క్యాసెట్లు, ఫ్లాపీలు చెరిగిపోతాయా?

ప్రశ్న: మా తాతగారి హరికథల క్యాసెట్లు పన్నెండు, నాన్నగారి 3.5 అంగుళాల ఫ్లాపీలు ఎనిమిది, పాత హార్డ్ డిస్కు ఒకటి, చాలా ఏళ్లుగా పెద్ద స్పీకరు పెట్టె మీదనే ఉండిపోయాయి. లోపలి అయస్కాంతం వల్ల అవి చెరిగిపోయి ఉంటాయా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: ముందుగా హార్డ్ డిస్కు గురించి దిగులు వదిలేయండి. దానిలో సమాచారాన్ని చదివే హెడ్డును కదిపే బలమైన నియోడిమియం అయస్కాంతాలు ఆ డిస్కు లోపలే, సమాచారం ఉండే పళ్లేలకు కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. వాటికి చెరగనిది బయటి స్పీకరుకు చెరుగుతుందా?

మిగిలినవాటి సంగతి వేరు. టేపు, ఫ్లాపీల మీది అయస్కాంత పూతలోని కణాల దిశ మార్చడానికి ఎంత బలం కావాలన్నదే ఇక్కడ ముఖ్యం: మామూలు ఐరన్ ఆక్సైడ్ క్యాసెట్టుకు సుమారు 300 నుంచి 380 గాస్ (అయస్కాంత బలానికి కొలత), 1.44 ఎంబీ ఫ్లాపీకి 700 గాస్ పైచిలుకు అవసరమవుతుంది. అయితే అయస్కాంతం పరిమాణంకన్నా దూరం బాగా ఎక్కువైన చోట, దూరం రెట్టింపైతే బలం ఇంచుమించు ఎనిమిదో వంతుకు పడిపోతుంది కనుక, స్పీకరు అయస్కాంతానికీ పెట్టె పైచెక్కకూ మధ్య జానెడు ఖాళీ ఉన్నా మీవి క్షేమంగానే ఉండవచ్చు. అనుమానించవలసినవి అడుగు వరుసలోని క్యాసెట్లు మాత్రమే. బీరువా తలుపుకు అంటించుకునే బొమ్మల అయస్కాంతాలకు చాలామంది అనవసరంగా భయపడతారు. వాటి ప్రభావం కొద్ది మిల్లీమీటర్లు దాటదు.

పొరపాటున వాటిమీద కొత్తగా ఏదీ రికార్డు కాకుండా, క్యాసెట్టు వెనుక అంచున ఉండే ప్లాస్టిక్ ముక్కలు విరిచివేసి, ఫ్లాపీ మూలన ఉన్న చిన్న కిటికీని తెరిచి ఉంచి, ఆ తరువాతే యంత్రంలో పెట్టండి. ముందు పోయినా బాధ లేని క్యాసెట్టుతో టేప్ రికార్డరును పరీక్షించండి.

ప్రశ్న: ధన్యవాదాలండి. ఒక ఫ్లాపీ పెట్టగానే ఫార్మాట్ చేయమంటోంది. రెండు క్యాసెట్ల టేపు మీద తెల్లని పొడి కనిపిస్తోంది.

సమాధానం: ఫార్మాట్‌కు ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు. మొదటి ట్రాకు చదవలేకపోయినా కంప్యూటరు డిస్కు మొత్తం ఖాళీ అన్నట్టే అడుగుతుంది. మిగతా ట్రాకులు భద్రంగా ఉండవచ్చు. డీడీరెస్క్యూ వంటి కంప్యూటరు ప్రోగ్రాముతో చదవగలిగినంత భాగాన్ని ఒకే ఫైలుగా నకలు తీసి, వెతుకులాట ఆ నకలులో చేయండి. క్యాసెట్ల మీది తెల్లని పొడి బూజు కావచ్చు, అది అయస్కాంతం పని కాదు, తేమ పని. మన వానాకాలాల్లో టేపులకు స్పీకరుకన్నా పెద్ద శత్రువు అదే. శుభ్రం చేయించకుండా వాటిని తిప్పితే బూజు హెడ్డుకు అంటుకుని, తరువాత పెట్టే మంచి క్యాసెట్లకూ పాకుతుంది. ఆ రెంటినీ విడిగా, పొడిగా ఉన్న చోట ఉంచి, మిగిలిన పదింటినీ ముందు కంప్యూటరులోకి ఎక్కించుకోండి.