సత్యనారాయణపురం రైలు గేటు గుర్తున్న బెజవాడ వాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పాత_పట్టాలు

మా పిన్ని కూతురి పెళ్ళికని పన్నెండేళ్ళ తర్వాత మొన్న బెజవాడ వచ్చాను, పూణేలో ఉంటాను లెండి. స్టేషన్లో దిగి ఆటో ఎక్కి అలవాటుగా "సత్యనారాయణపురం, గేటు దగ్గర" అనేశాను. ఆ కుర్రాడికి ఇరవై రెండు ఉంటాయేమో, వెనక్కి తిరిగి "ఏ గేటండీ, అపార్ట్‌మెంటు గేటా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. తీరా వెళ్ళి చూస్తే పట్టాలు ఉండాల్సిన చోట వెడల్పాటి బీఆర్టీఎస్ రోడ్డు (బస్సులకని విడిగా దారి వదిలి వేసింది), సాయంత్రమయ్యేసరికి తిండి బళ్ళు, బైకుల మీద కాలేజీ పిల్లలు. బాగానే ఉంది, కాదనను, కానీ మా అమ్మమ్మ వాళ్ళ సందు ఎక్కడ తిరగాలో నాకు తెలియలేదండీ. పుట్టి పెరిగిన ఊళ్ళో ఫోన్ తీసి మ్యాప్ పెట్టుకున్నా, ఇంతకన్నా సిగ్గేముంది.

కొత్తవాళ్ళకి తెలీదు కాబట్టి చెప్తున్నా, గుడివాడ వైపు వెళ్ళే బళ్ళు ఒకప్పుడు సరిగ్గా ఊరి నడుమ నుంచి పోయేవి, సత్యనారాయణపురానికి సొంతంగా ఒక స్టేషనే ఉండేది. గేటు పడిందంటే ఇటు రిక్షాలు, స్కూటర్లు, స్కూలు పిల్లలు, అటు ఇంకో అంత జనం, మధ్యలో వేరుశనక్కాయల బుట్ట పెట్టుకున్న ముసలాయన. ఆయన వ్యాపారమంతా ఆ పది నిమిషాల్లోనే. గేటు లేస్తే ఆయన కూడా బుట్ట ఎత్తుకుని నీడకి పోయేవాడు. మా నాన్న లూనాని ఒక పక్కకి ఒరిగించి, తను తల వంచి గేటు కింద నుంచి దూరేవాడు, మమ్మల్ని మాత్రం "మీరు అక్కడే ఉండండి" అనేవాడు, అదేం న్యాయమో. మా అమ్మమ్మకి గడియారంతో పనే లేదు. "గుడివాడ బండి పోయింది, ఇంకా బియ్యం కడగలేదా" అనేది. బండి లేటయితే ఆ రోజు మా ఇంట్లో అన్నం కూడా లేటే.

సరే, అసలు ప్రశ్న. గేటు పక్కన ఒక టీ కొట్టు ఉండేది, దాని మీదకి వంగి ఒక చెట్టు. అది వేపచెట్టని నేను, రావిచెట్టని మా తమ్ముడు. పెళ్ళిలో మొదలైన వాదన ఇంకా తేలలేదు, పుణుగుల పందెం కూడా కాసుకున్నాం. ఎవరికైనా గుర్తుందా? అలాగే మీరు కూడా ఇప్పుడు లేనివాటిని పట్టుకుని దారి చెప్తుంటారా, లేక నాకే ఈ రోగమా?

ముత్యాలంపాడు_బాబాయ్

నీ ఒక్కడికే కాదులే అబ్బాయ్, ఊరు ఊరంతా అదే రోగం. విజయా టాకీస్‌లో సినిమా చూసినవాళ్ళు ఇప్పుడు మనవళ్ళని ఎత్తుకు తిరుగుతున్నారు, అయినా ఏలూరు రోడ్డులో ఆ సెంటర్ పేరు విజయా టాకీసే. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ 1990 నుంచీ ఉంది, మా ఇంట్లో దాన్ని ఇప్పటికీ కొత్త బస్టాండే అంటాం. ముప్పై అయిదేళ్ళ కొత్త! దానికి తోడు పాత బస్టాండ్ అని ఇంకొకటి, అది ఎప్పుడో పోయినా "పాత బస్టాండ్ దగ్గర దిగుతా" అంటే కండక్టరు మారు మాట్లాడడు.

చెట్టు సంగతి నాకు గుర్తు లేదు. టీ కొట్టు మాత్రం గుర్తుంది, ఎందుకంటే గేటు పడ్డప్పుడల్లా అక్కడ టీ తాగి ఆఫీసుకి లేటుగా వెళ్ళి "గేటండీ" అని చెప్పేవాణ్ణి. ఎవడూ ఎదురు అడిగేవాడు కాదు, అందరూ గేటు బాధితులే. పట్టాలు పీకేశాక నాకు ఆ సాకు పోయింది, బీఆర్టీఎస్ రోడ్డు మీద నాకున్న కోపం అదొక్కటే.

రైవస్_కాలవ_గట్టు

న్యూజెర్సీ నుంచి. మాది మాచవరం. పాత_పట్టాలు గారూ, మీకు రైలు అయితే మాకు కాలవ. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, మూడూ ఊళ్ళోంచే పోతాయి కదా, మా చిన్నప్పుడు దారి చెప్పాలంటే "కాలవకి ఇవతల", "కాలవకి అవతల", "రెండో వంతెన దిగితే", ఇంతే, వీధి పేరు ఎవడికి కావాలి. వేసవిలో కాలవ కట్టేసేవాళ్ళు, నీళ్ళు ఇంకిపోయి అడుగు బయటపడేది. అప్పుడు మా బ్యాచ్ అంతా దిగి, తాడుకి పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం కట్టి బురదలో లాక్కుంటూ తిరిగేవాళ్ళం, ఎవరెవరో దణ్ణం పెట్టి వేసిన చిల్లర దొరుకుతుందని. ఎక్కువగా దొరికేవి మేకులూ, సీసా మూతలూ. ఒకసారి మాత్రం రూపాయి బిళ్ళలు నాలుగు వచ్చాయి, నవరంగ్‌కి పోదాం అంటే నవరంగ్‌కి పోదాం అని బయల్దేరాం, అక్కడ ఇంగ్లీషు సినిమాలు కదా, ముక్క అర్థం కాకపోయినా ఫైటింగులు చూసి వచ్చేవాళ్ళం. కాళ్ళకి ఆరిన బురదతోనే హాల్లో కూర్చున్నాం. ఇంటికెళ్ళాక మా అమ్మ వాసన పట్టేసింది, మిగతాది చెప్పక్కర్లేదు.

హాళ్ళంటే గుర్తొచ్చింది, మా తాతయ్యది వన్‌టౌన్, ఆయన మారుతీ టాకీస్ గురించి చెప్తుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. 1921లో పెట్టారనీ, ఆంధ్రాలో మొట్టమొదటి సినిమా హాలు అదేననీ, తన పెళ్ళి మాట కన్నా ఎక్కువసార్లు చెప్పేవాడు.

చెట్టుకి నా ఓటు వేప. ఊరికే, వేపే బాగుంటుంది కాబట్టి.

కరకట్ట_పిల్ల

అందరూ బానే ఉన్నారుగానీ నేను కొంచెం చేదు మాట చెప్తా, ఏమనుకోకండి. మాది కృష్ణలంక. మా గోడ మీద గుర్తులు వేరే ఉంటాయి, ఏ ఏడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఆ బురద గీతలు. కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక అన్నారంటే మా అమ్మ ముందు బియ్యం డబ్బా, తర్వాత రేషన్ కార్డు, తర్వాత మమ్మల్ని, ఆ వరసలోనే బయటకి చేర్చేది. 2009 అక్టోబర్లో బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు స్కూలు గదిలో బెంచీల మీద పడుకున్నాం. అది గుర్తొస్తే నాకు "ఆ రోజులే వేరు" అని అనాలనిపించదండీ. ఇప్పుడు ఏటి గట్టున గోడ కట్టారు. 2024 సెప్టెంబర్లో ఇంకా ఎక్కువ, 11.43 లక్షల క్యూసెక్కులు వస్తే మా వీధి పొడిగా ఉంది, మా నాన్న రాత్రంతా ఆ గోడ దగ్గరే నిలబడి నీళ్ళు చూస్తూ ఉండిపోయాడు, రమ్మంటే రాడు. నమ్మకం కుదరక.

అదే వారం సింగ్‌నగర్లో మా అత్త వాళ్ళు బుడమేరు వాగు నీళ్ళల్లో మేడ మీద మూడు రోజులు. మాకు ఏటా అలవాటే, వాళ్ళకి కాదు, ఫోన్లో ఏడుస్తుంటే "ముందు బియ్యం పైన పెట్టారా" అని అడిగింది మా అమ్మ.

గోడ వల్ల పోయింది ఒకటుంది, అదీ ఒప్పుకోవాలి. సాయంత్రం వాకిట్లో కూర్చుంటే ఏటి గాలి నేరుగా వచ్చేది. మే నెలలో ఈ ఊళ్ళో ఆ గాలి విలువేంటో బ్లేజ్‌వాడ అని వెక్కిరించేవాళ్ళకి తెలీదు.

ముత్యాలంపాడు_బాబాయ్

అమ్మాయ్ చెప్పింది నిజం. మేం గేటు దగ్గర పది నిమిషాలు ఆగినందుకే ఇంత పురాణం చెప్పుకుంటున్నాం.

సెకండ్‌హ్యాండ్_బుక్కు

నేనూ ఒకటి కలుపుతా. పీడబ్ల్యూడీ గ్రౌండ్. స్వరాజ్య మైదానం అన్నది రికార్డుల్లో పేరు, అలా పిలిచినవాణ్ణి నేను చూళ్ళేదు. 1989లో మొదలైన పుస్తకాల పండగ ఏళ్ళ తరబడి అక్కడే, జనవరి ఫస్టు అంటే మాకు కేకు కాదు, ఆ దుమ్ము. నడిచి నడిచి చెప్పులు ఎర్రగా అయిపోయేవి, చేతిలో సంచీ తెగిపోయేది, జేబులో బస్సు డబ్బులు మాత్రం మిగిల్చి, ఆఖర్లో ఏదో పుస్తకం చూసి అవీ ఇచ్చేసి నడిచి ఇంటికి పోయేవాణ్ణి. ఇప్పుడక్కడ 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, 2024 జనవరిలో ఆవిష్కరించారు, రాత్రిపూట లైట్లలో చాలా బాగుంటుంది, మా పిల్లల్ని రెండుసార్లు తీసుకెళ్ళా. పుస్తకాలాయన పేరు మీద ఆ చోటు మిగలడం ఒకరకంగా నాకు నచ్చింది కూడా. కానీ పండగ ఇప్పుడు ఏ గ్రౌండ్‌లోనో ప్రతి ఏడూ కనుక్కోవాల్సి వస్తోంది, అదీ బాధ.

చెట్టు రావే. నాకు తెలీదు, తమ్ముడి పక్షం ఎవరూ లేరని.

పాత_పట్టాలు

అందరికీ థ్యాంక్సండీ. కరకట్ట_పిల్ల గారూ, మీరు చెప్పింది చదివి కాసేపు ఊరుకున్నాను, నిజానికి ఆ గేటు దగ్గర అంబులెన్సు ఆగిపోవడం నేనూ చూశాను, రాసేటప్పుడు అది గుర్తుకు రాలేదు చూడండి.

చెట్టు సంగతి తేలింది. రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి వేపా రావా అని అడిగాను. "చెట్టేంట్రా, అక్కడ చెట్టు ఎక్కడిది? కరెంటు స్తంభం. టీ కొట్టువాడు దానికి ఆకుపచ్చ పట్టా కట్టి నీడ చేసుకున్నాడు, గాలి వస్తే టపటపా కొట్టుకునేది" అంది. తమ్ముడికి చెప్తే నమ్మట్లేదు, అమ్మకి వయసైపోయింది అంటున్నాడు. పుణుగుల డబ్బులు ఎవరు కట్టాలో ఇప్పుడు అదో తగాదా.