‘మత్తిలి’ నవ్వాడా, ‘ఒత్తిలి’ నవ్వాడా?

దేవరకొండ కోడలు:
నిన్న సాయంత్రం బస్సులో ఫోన్‌లో రేడియో పెట్టుకున్నాను. మా దగ్గరి కమ్యూనిటీ రేడియోలో ‘పిచ్చి’ మీద గంటసేపు పాటలు, పద్యాలు, మాటలు. పిచ్చికి మీ ఊళ్లో ఏమంటారని అడిగితే పిస, వెర్రి, తిక్క, సోయి తప్పుడు అంటూ వరసగా ఫోన్లు వచ్చాయి. తర్వాత ఒక పెద్దాయన పోతన భాగవతంలో ప్రహ్లాదుడి భక్తి పరవశం చెప్పే ‘ఒక్కచోట’ సీసం ఎత్తుకున్నాడు. మూడో పాదానికి బస్సు ఊరు దాటింది, రేడియో గరగర. ‘వేఱొండు లేదని’ దాకా వినపడింది, తర్వాత ‘...త్తిలి నగుచుండు’. ముందక్షరం పోయింది. మా నానమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుకుంటూ ‘మత్తిలి నగుచుండు’ అని చదివేది. పుస్తకంలో ‘ఒత్తిలి’ అని ఉందంటున్నారు మా ఆయన. రాత్రి నుంచి అదే మెదులుతోంది.

మూసీ గట్టు:
‘యొత్తిలి’ అమ్మా, అనుమానం లేదు. గణం చూస్తే తేలదు, రెండూ భగణమే, అంటే ఒక గురువు, రెండు లఘువులు. యతి చూడండి, అంటే పాదంలో రెండు చోట్ల అక్షరాలకు కుదరాల్సిన మైత్రి. యొక్కఁడు–నొక్క, యుద్ధతుఁడై–నొక్క, యుబ్బి–నొక్క. నాలుగు పాదాల్లోనూ రెండో సగం ఉకారంతోనో ఒకారంతోనో మొదలవుతుంది. అక్కడ మకారం పెడితే యతి పోతుంది.

పాలమూరు సీసం:
యతికి ఎదురు లేదు, ఒప్పుకుంటాను అన్నా. కానీ రుచి మాటేమిటి? ‘ఒత్తిలి’ అంటే బిగ్గరగా, అంతే. ‘మత్తిల్లు’ అంటే మైకం కమ్మడం, మదించడం. ఒకచోట ఏడ్చి, ఇంకోచోట పాడి, మరోచోట గంతులేసే పిల్లవాడికి ఏది అతుకుతుంది? నానమ్మ అర్థం తెలిసే మార్చుకున్నది.

హాలియా మాస్టారు:
మూలం చూడకుండా మాట్లాడితే ఇలాగే ఉంటుంది. సంస్కృత భాగవతం సప్తమ స్కంధంలో ‘నదతి క్వచిదుత్కంఠో విలజ్జో నృత్యతి క్వచిత్’ అని ఉంది, ఒకసారి గొంతెత్తి అరుస్తాడు, ఒకసారి సిగ్గు విడిచి ఆడతాడు అని. ఆ ‘ఉత్కంఠ’, అంటే ఎత్తిన గొంతు, అదే పోతన చేతిలో ‘ఒత్తిలి’ అయింది. ఇక పిచ్చి మాట కావాలంటే ఏకాదశ స్కంధానికి పోవాలి, ‘ఉన్మాదవన్నృత్యతి లోకబాహ్యః’, లోకం పట్టకుండా పిచ్చివాడిలా ఆడతాడని. ఈ సీసంలో పోతన పిచ్చి అన్న మాటే ఎత్తలేదు. ఎక్కడెక్కడ ఏం చేశాడో చెప్పి వదిలేశాడు.

పాలమూరు సీసం:
మాస్టారూ, మూలంలో అరుపు వేరు, నవ్వు వేరు. నవ్వు దగ్గర ఉన్నది ‘తచ్చింతాహ్లాదః’, ఆ తలపులో కలిగే ఆహ్లాదం. ఆహ్లాదంలో ఉత్కంఠం ఎక్కడిది? పైగా ఏకాదశాన్ని తెనిగించింది పోతన కాదు, వెలిగందల నారయ.

హాలియా మాస్టారు:
నారయ అని నాకూ తెలుసు. నేను చెప్పింది సంస్కృతం సంగతి. అరుపునూ నవ్వునూ ఒక్క పాదంలో కలిపాడు పోతన, అదే ఆయన పనితనం.

పానగల్లు:
మా ఊళ్లో ప్రహ్లాద యక్షగానం ఆడేటప్పుడు ఈ పాదం దగ్గర తాళం ఆపేవారు. వేషం కట్టిన పిల్లవాడు పొట్ట పట్టుకుని ముందుకు వంగి నవ్వేవాడు, కిరీటం జారేది, ఎడమచేత్తో పట్టుకునేవాడు. నా లెక్కన ‘ఒత్తిలి’లో ఉన్నది ఒత్తడమే. లోపల్నుంచి ఒత్తుకొచ్చిన నవ్వు.

మూసీ గట్టు:
ఒత్తు వేరు, ఒత్తిల్లు వేరు. నిఘంటువు తీయండి.

పానగల్లు:
తీశాను. అర్థం మీరు చెప్పిందే ఉంది. నేను చెప్పేది ఆ పిల్లవాడి నవ్వు గురించి.

నాగార్జునసాగర్ కుడికాలువ:
రేడియో సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేను మొదటి నుంచీ విన్నాను. తమ్ముణ్ణి పదేళ్లుగా చూసుకుంటున్న ఒక అక్క మాట్లాడింది. “పిచ్చోడు అనకున్రి, వాని పేరు పెట్టి పిలువున్రి” అన్నది. ఆ వెంటనే వచ్చింది ఈ పద్యం. అందుకే నన్ను పట్టుకున్నది నవ్వు పాదం కాదు, సీసం కింద వచ్చే ఎత్తుగీతి చివర. ‘నిమీలిత నేత్రుఁడై యొక్కచోట నిలిచి యూరకుండు’. ఈ ‘ఊరకుండు’ మన ‘ఊకుండు’ కాదా?

పాలమూరు సీసం:
అదే అక్కా, అదే! ఏడ్చే పిల్లను ‘ఊకో బిడ్డా’ అంటాం చూడు, అదీ ఊరకొను నుంచి వచ్చిందే. పోతన మాట మనింట్లోనే ఉంది.

మూసీ గట్టు:
‘ఊక’ మీద ఇక్కడ ఇంతకుముందే పెద్ద చర్చ జరిగింది. ‘ఊకనే’, ‘ఊకూకె’ కూడా లెక్కలోకి తీసుకోవాలి.

హాలియా మాస్టారు:
‘ఊకూకె’ అంటే మాటిమాటికీ. అది ఎలా వచ్చిందో చెప్పండి ముందు.

దేవరకొండ కోడలు:
ఆదివారం పొద్దున మళ్లీ వేస్తారట. ఈసారి ఊళ్లోనే ఉండి, మూడో పాదం దగ్గర రికార్డు చేస్తాను. యతి సంగతి అర్థమైంది మూసీ అన్నా, పుస్తకంలో ‘యొత్తిలి’ అనే చదువుతాను. బియ్యం ఏరేటప్పుడు మాత్రం నాకు ‘మత్తిలి’ అనే వస్తుంది. చివరి పాదానికి వచ్చేసరికి నానమ్మ చాట పక్కన పెట్టి కాసేపు కళ్లు మూసుకునేది. అది ఇప్పుడే గుర్తుకొచ్చింది.