అప్‌డేట్: రోజేలియా లిసా గొంతు ఎందుకు మారింది?

జపాన్ యానిమే, గేమ్ సిరీస్ బ్యాంగ్ డ్రీమ్‌లో రోజేలియా అనే బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే పాత్ర లిసా ఇమాయ్ గొంతు పాత వీడియోల్లో ఒకలా, కొత్త వాటిలో ఇంకోలా ఉందేంటని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మొదటి గొంతు యూరికా ఎండోది. ఆరోగ్యం సహకరించక 2018లో, 24 ఏళ్లకే, పాత్రలకు గొంతు ఇచ్చే రంగాన్నే వదిలేశారు. ఆ పాత్ర యుకి నకాషిమాకి వచ్చింది. నాకు అస్సలు తట్టని సంగతేంటంటే, ఈ పాత్రలకు గొంతు ఇచ్చేవాళ్లు మైకు ముందు డైలాగులు చెప్పి వెళ్లిపోరు, స్టేజి మీద వాయించేదీ వాళ్లే! అంటే గొంతు కుదిరితే చాలదు, బేస్ గిటార్ కూడా పట్టాలి. పైగా అదే ఏడాది కీబోర్డ్ వాయించే సతోమి అకెసాకా కూడా వినికిడి సమస్యతో తప్పుకున్నారు. ఐదుగురిలో ఇద్దరు! ఫ్యాన్స్ కంగారు పడ్డారంటే పడరా మరి.

"కొత్తావిడ సెట్ కాలేదు" అని ఒకరు రాశారు. నేనైతే ఒప్పుకోను, కాసేపు వింటే అలవాటైపోతుంది. ఎండో జబ్బేంటో చెప్పమని ఇంకొకరు అడిగారు. ఆవిడే మానేసి వెళ్లాక ఆ ఆరా మనకెందుకండీ?

ఎండో రోజేలియాతో చివరిగా వాయించిన 2018 మే లైవ్ కచేరీ ఈ ఆదివారం చూస్తా.