అప్‌డేట్: డక్‌డక్‌గో వాడి చూశాను, పేరు సంగతీ తేలింది

పోయిన నెల నేనడిగింది ఇదీ: ఒక్కసారి మిక్సీ జార్ ధర వెతికిన పాపానికి వారం రోజులు ఎక్కడ చూసినా మిక్సీ యాడ్లే, డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజిన్‌కి మారొచ్చా, అసలా బాతు పేరేంటి అని. మూడు వారాలు వాడాను.

ముందు పేరు. మా అమ్మకి చెబితే "అదేం పేర్రా, బాతులు అమ్ముతారా?" అంది. అమెరికా పిల్లల ఆట 'డక్ డక్ గూస్' నుంచి వచ్చిందట. అందరూ గుండ్రంగా కూర్చుంటే ఒకడు చుట్టూ తిరుగుతూ తలలు తడుతూ డక్, డక్ అంటాడు. ఎవరి దగ్గర 'గూస్' అంటే వాళ్లు లేచి వాణ్ణి తరమాలి. మనం వెనకాల చేతిరుమాలు పడేసి పరిగెత్తే ఆట లేదూ, దానికి చెల్లెలన్నమాట. డక్‌డక్‌గోని 2008లో గేబ్రియల్ వైన్‌బర్గ్ మొదలుపెట్టాడు.

ఇక వాడకం. మామూలు ఫలితాలు చాలావరకు మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ ఇంజిన్ బింగ్ నుంచే తెచ్చుకుంటుంది. యాడ్లు ఇక్కడా ఉంటాయి, కాకపోతే అప్పుడు కొట్టిన మాటను బట్టే, మన పాత చిట్టా తీసి కాదు. అలాగని మనం ఏ సైట్లకి వెళ్తున్నామో నెట్ కనెక్షన్ ఇచ్చేవాడికి తెలియకుండా పోదు, అది నేను తప్పుగా అనుకున్నా.

నాకు బాగా నచ్చింది ఆశ్చర్యార్థకం కిటుకు. ఆ గుర్తు పక్కనే ఇంగ్లిష్ డబ్ల్యూ కొట్టి, ఖాళీ వదిలి, కొల్లేరు అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే సరాసరి ఇంగ్లిష్ వికీపీడియాలో తేలతాం. మొదటి రోజు ఖాళీ పెట్టడం మర్చిపోయి పది నిమిషాలు తిట్టుకున్నా.

ఫోన్‌లో కూడా దీన్నే డిఫాల్ట్ చేసేశాను. మిక్సీ జార్ మాత్రం ఇంకా కొనలేదు.